ముందుకే వంగే నడుము



సిరొంచ తాలూకాలో పోచంపల్లి అనే ఊరుంది. పట్టుచీరల పోచంపల్లి కాదు. గోదావరిలో ప్రాణహిత కలిసే సీమలో, గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న పోచంపల్లి. అరవై ఏళ్ళ కింద కోల్‌కతా నుంచి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వచ్చి ఆ ఊరి దగ్గర తవ్వితే రాక్షసబల్లుల ఎముకలు దాదాపు 300 దొరికాయి. అవి రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి రోజులు. అందుకని 1975లో ఆ జంతువుకు ‘బరాపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. కోల్‌కతాలో ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టారు కూడా. విచిత్రం ఏమిటంటే, అన్ని ఎముకల్లో తల మాత్రం దొరకలేదు, కొన్ని పళ్ళు తప్ప. వెన్నుపూసలు మాత్రం బోలెడు దొరికాయి. పదిహేను కోట్ల ఏళ్ళకు పైగా మట్టిలో ఉండి కూడా వెన్ను మిగిలింది.

మన వెన్నుకు అంత ఓపిక లేదు. యాభై దాటేసరికి పట్టేస్తుంది. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

సిరొంచలోగానీ, అవతలి ఒడ్డున కాళేశ్వరం, మహదేవ్‌పూర్ వైపుగానీ, ఇటు చెన్నూరు, కోటపల్లి పల్లెల్లోగానీ పెద్దవాళ్ళకు వ్యాయామం మాట ఎత్తి చూడండి. వచ్చే జవాబు ఒక్కటే. “పొద్దంత వంగి పనిచేసేటోళ్ళం, మాకింకా వ్యాయామమేంది బిడ్డా? అది కుర్సీల కూసునేటోళ్ళకు.” ఈ మాటలో సగం నిజం ఉంది. కష్టపడే ఒంటికి బలం ఉంటుంది, గుండె గట్టిగా ఉంటుంది. పట్నంలో డెబ్భై ఏళ్ళ మనిషి నేల మీద కూర్చుని లేవలేడు. ఇక్కడి అవ్వ గొంతుకు కూర్చుని గంటసేపు కూరగాయలు తరిగి, చేయి ఆనించకుండా లేస్తుంది. తుంటి కీలు ఆమెకు ఇంకా పిలిస్తే పలుకుతుంది. కాని నడుము సంగతి వేరు.

ఇక్కడి ఏడాది పనిని ఒకసారి తలుచుకోండి. ఫాల్గుణం, చైత్రాల్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లారకముందే చెట్టు కిందికి వెళ్ళి, వంగి ఏరాలి. ఎండ ముదిరితే తునికాకు. ముందుగా కొమ్మలు కొట్టి ఉంచుతారు కాబట్టి లేత ఆకు వచ్చేది మోకాటి ఎత్తు పొదల్లో. దాన్ని వంగి కోయాలి, ఇంటికొచ్చి కూర్చుని, మళ్ళీ వంగి, కట్టలు కట్టాలి, కల్లానికి మోయాలి. వానలు పడితే నాట్లు. నాటు వేసే మనిషి నడుము గంటల తరబడి రెండుగా మడిచే ఉంటుంది. ఆ తర్వాత కలుపు. చలికాలం పత్తి ఏరడం. మాఘం దాటితే మిరప, సొంత చేను లేనివాళ్ళు ములుగు, భద్రాచలం వైపు కూలికి పోయి మరీ ఏరే మిరప. మధ్యలో ఊడ్పు, అలుకు, బట్టలు, పొయ్యి. ఈ పనుల్లో ఏ ఒక్కటైనా నడుమును వెనక్కి వంచుతుందా? పక్కకు? నిదానంగా అటూ ఇటూ తిప్పుతుందా? లేదు. ఏడాది పొడుగునా ఒకే దిక్కు, ముందుకు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. పని ఎక్కువైందని కాదు, పని అంతా ఒకే దిక్కున జరిగిందని. కీలును ఏ దిక్కుకు చాలాకాలం కదపకపోతే ఆ దిక్కు దానికి మూసుకుపోతుంది. చుట్టూ ఉన్న పొర, నరం అని మనం పిలుచుకునే కండరపు పట్టీలు, ఆ మేరకు కురచబారతాయి. నలభై ఏళ్ళు ముందుకే వంగిన నడుముకు వెనక్కి పోయే దారి తెలియదు. నాట్ల నుంచి లేచి నిటారుగా నిలబడబోయిన మనిషి రెండు చేతులూ నడుము మీద వేసి “అమ్మా” అనడం మీరు చూసే ఉంటారు. ఆ చేతులు పడే చోటే మందు కూడా ఉంది. అక్కడికి వస్తాను.

ముందు వెన్ను కట్టుబడి. మెడలో 7 పూసలు, రొమ్ము వెనక 12, నడుములో 5. ఈ 24 కదులుతాయి. వాటి కింద అతుక్కుపోయిన 5, తోక ఎముకలో చిన్నవి 4. మొత్తం 33. పూసకూ పూసకూ నడుమ మెత్తటి బిళ్ళలుంటాయి, డిస్కు అంటాం. అవి 23. వెన్ను పొడుగులో దాదాపు నాలుగో వంతు ఈ బిళ్ళలదే. పెద్దవాళ్ళ డిస్కులోకి నెత్తురు గొట్టాలు వెళ్ళవు. దానికి తిండి, నీళ్ళు అన్నీ పక్కనున్న ఎముక నుంచి ఊరి రావలసిందే. నొక్కు పడితే నీరు బయటికి, నొక్కు వదిలితే లోపలికి. కదలిక ఉంటేనే ఈ రాకపోకలు సాగుతాయి. కూర్చుండిపోయిన నడుము, వంగిపోయిన నడుము, రెండూ ఆ రాకపోకల్ని ఆపేవే. వయసు పెరిగేకొద్దీ డిస్కులో నీరు ఎలాగూ తగ్గుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. ఉన్న నీరు కదులుతూ ఉండేలా చూడటం మాత్రం మన చేతిలో ఉంది.

ఈ నీటి సంగతికీ ఇప్పపువ్వుకూ సంబంధం ఉంది. రాత్రి పడుకున్నప్పుడు ఒంటి బరువు నడుము మీద ఉండదు గనక డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేచేటప్పుడు ప్రతి మనిషీ రాత్రి కంటే సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడుగుంటాడు. సాయంత్రానికి మళ్ళీ తగ్గుతాడు. ఆ తగ్గే ఎత్తులో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే పోతుంది. అంటే తెల్లవారుజామున డిస్కులు నానిన పప్పులా బిర్రుగా ఉంటాయి. అప్పుడు నడుమును ముందుకు మడిస్తే వాటి వెనక గోడ మీద, వెనక ఉన్న కట్టు నరాల మీద పడే లాగుడు మిగతా పూటల కంటే చాలా ఎక్కువ. 1998లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్నవాళ్ళకు, లేచిన మొదటి రెండు గంటలు నడుము వంచకండి అని మాత్రమే చెప్పారు. వాళ్ళ నొప్పి తగ్గింది, నొప్పి లేని రోజులు పెరిగాయి.

ఇప్పపువ్వు ఏరే మనిషికి ఈ సలహా ఎలా పనికొస్తుంది? పువ్వు మన కోసం పొద్దెక్కేదాకా ఆగదు. ఆగినా పశువులు ఆగవు. కాబట్టి రెండు మాటలే. లేచిన వెంటనే చెట్టు కిందికి పరుగెత్తకుండా కాసేపు నడవండి. చెట్టు ఇంటికి దూరమైతే ఆ నడకే చాలు. ఇక ఏరేటప్పుడు నడుము మడిచి నిలబడి ఏరకండి, గొంతుకు కూర్చుని, లేదా ఒక మోకాలు నేలకు ఆనించి ఏరండి. బుట్ట దగ్గరగా పెట్టుకోండి. వంగడం తుంటి దగ్గర, మోకాలి దగ్గర జరగాలి, నడుము దగ్గర కాదు. అలాగే పొద్దున్నే మంచం మీదే ముందుకు వంగి కాలివేళ్ళు పట్టుకునే ఆసనం ఎవరైనా చెబితే వినకండి. అది సాయంత్రం పని, అది కూడా అందరికీ కాదు.

ఇప్పుడు ఒక చిన్న పని చేద్దాం, రేడియో వింటూనే. కుర్చీ మీద గానీ, గోడ పక్కన అరుగు మీద గానీ కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి. కుడి చెయ్యి ఎడమ భుజం మీద, ఎడమ చెయ్యి కుడి భుజం మీద వేయండి. మోకాళ్ళు ముందుకే చూడాలి. ఇప్పుడు రొమ్మును మాత్రం మెల్లగా కుడి పక్కకు తిప్పండి. ఊపిరి వదులుతూ తిప్పండి. ఎక్కడ బిగిసిందో అక్కడ ఆగండి, అవతలికి తోయకండి. మూడు ఊపిర్లు అక్కడే. మెల్లగా మధ్యకు రండి. ఇప్పుడు ఎడమకు. రెండు పక్కలకీ తేడా తెలిసిందా? చాలామందికి తెలుస్తుంది. ఎప్పుడూ ఒకే భుజం మీద మోపు మోసేవాళ్ళకు, ఒకే చంక మీద బిందె పెట్టుకునేవాళ్ళకు మరీ తెలుస్తుంది. బిగువు ఉన్న పక్కకు ఇంకో రెండుసార్లు తిప్పండి.

మనం నడుము తిప్పుతున్నాం అనుకుంటాం గానీ నడుము పూసలు అయిదూ కలిసినా ఒక పక్కకు తిరిగేది పది డిగ్రీల చుట్టుపక్కలే. తిరిగే పని రొమ్ము వెనక ఉన్న 12 పూసలది. మెడలో అయితే పైనున్న మొదటి రెండు పూసలే సగం తిరుగుడు చూసుకుంటాయి. రొమ్ము వెనక భాగం గూని పట్టి బిగిస్తే, ఆ పని నడుము మీద, మెడ మీద పడుతుంది. చేతకాని పని చేసి అవి నొప్పెడతాయి. నొప్పి నడుములో ఉంటే తప్పు పైన ఉండవచ్చు. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. నడుముకు మాత్రమే నూనె రాసి ఊరుకుంటారు.

తిరగడం పోతే ఏమవుతుంది, పూజకు అడ్డమా, పెళ్ళికి అడ్డమా అంటారేమో. 63వ నంబరు జాతీయ రహదారి సిరొంచ మీదుగానే పోతుంది, మంచిర్యాల నుంచి జగదల్‌పూర్ దాకా. గోదావరి మీద వంతెన పడ్డాక లారీలు పెరిగాయి. రోడ్డు దాటేటప్పుడు మెడ తిరగని మనిషి ఒళ్ళంతా తిప్పి చూడాలి. తిప్పే సందున అడుగు తడబడుతుంది. సైకిలు మీద వెనక్కి చూడలేనివాళ్ళు చూడకుండానే పక్కకు తిప్పేస్తారు. పెద్దతనంలో పడిపోవడాలకు కంటిచూపునే అంటాం గానీ మెడదీ అందులో పాలుంది.

ఇక ఇందాక అన్న మందు. 1956లో న్యూజీలాండ్ దేశంలో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. నడుము నుంచి కాలి దాకా నొప్పి. మూడు వారాలుగా ఏ చికిత్సా పనిచేయలేదు. బల్ల మీద బోర్లా పడుకోమని చెప్పి మెకెంజీ వేరే పనిలో పడ్డాడు. అంతకుముందు వచ్చిన రోగి కోసం ఆ బల్ల తలవైపు భాగాన్ని పైకి ఎత్తి ఉంచిన సంగతి ఎవరూ చూడలేదు. రోగి దాని మీద బోర్లా, నడుము వెనక్కి విరిగినట్టు పడుకున్నాడు. మెకెంజీ తిరిగొచ్చి కంగారుపడ్డాడు. రోగి మాత్రం ఇన్ని వారాల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడు. కాలి నొప్పి పోయింది. ఆ పొరపాటు నుంచి ఒక చికిత్సా పద్ధతే పుట్టింది. మన యోగంలో భుజంగాసనం ఎప్పటినుంచో ఉంది, నిజమే. కాని ఫలానా నొప్పికి, ఫలానా దిక్కుకు, ఇన్నిసార్లు అని రోగిని పరీక్షించి చూసి చెప్పడం మెకెంజీ చేసిన పని.

నాటు వేసేవాళ్ళకు, కలుపు తీసేవాళ్ళకు నేను చెప్పేది దాని చిన్న రూపం. సాలు చివరికి వచ్చినప్పుడు, గట్టెక్కినప్పుడు నిలబడండి. పాదాలు కొంచెం ఎడంగా పెట్టండి. రెండు అరచేతులూ నడుము కింద, వేళ్ళు కిందికి చూసేలా ఆనించండి. మోకాళ్ళు మడవకుండా, మెల్లగా, ఆ చేతుల మీదుగా వెనక్కి ఒరగండి. మెడ వేలాడదీయకండి, గడ్డం కొంచెం లోపలికే. ఒక ఊపిరి. తిరిగి రండి. అయిదుసార్లు. మొదటిసారి చాలా కొద్దిగా వంగుతారు, అయిదోసారికి మరికొంచెం. ముఠాలో ఒకరు మొదలుపెడితే అందరూ చేస్తారు. నవ్వుకుంటారు కూడా. నవ్వుకోనీయండి.

రాత్రి పడుకునే ముందు, చాప మీద. నులక వదులైన మంచం మీద వద్దు, అందులో నడుము మళ్ళీ ముందుకే గుంటపడుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. రెండు మోకాళ్ళూ కలిపి మెల్లగా కుడికి వాలనివ్వండి, భుజాలు చాప వదలకూడదు. తర్వాత ఎడమకు. పదిసార్లు. ఆ తర్వాత బోర్లా తిరిగి, మోచేతుల మీద రొమ్మెత్తి, ఒక నిమిషం పుస్తకం చదివేవాళ్ళలా ఉండండి. మోచేతులు నొప్పయితే రొమ్ము కింద దిండు. ఇంకొకటి, దర్వాజ పని. గుమ్మం మధ్య నిలబడి రెండు ముంజేతులూ రెండు పక్కల చౌకట్టుకు ఆనించి, ఒక అడుగు ముందుకేసి, రొమ్మును గుమ్మం దాటించండి. భుజాల ముందు భాగం లాగుతుంది. ఆ లాగుడును అరనిమిషం ఉంచండి. కుర్రవాళ్ళకు పది నుంచి ముప్పై సెకన్లు చాలు, పెద్దవాళ్ళకు ముప్పై నుంచి అరవై దాకా పడుతుంది. ముసలి కండరం వదలడానికి టైము తీసుకుంటుంది. ఊపుతూ, ఎగురుతూ లాగొద్దు. లాగుడు తెలియాలి, నొప్పి తెలియకూడదు.

గూని ఎంత ఉందో చూసుకోవాలంటే గోడ ఉంది. మడమలు, పిర్రలు, వీపు గోడకు ఆనించి నిలబడి, గడ్డం ఎత్తకుండా తల వెనక భాగం గోడకు తగులుతుందో లేదో చూడండి. తగలకపోతే మధ్య ఎన్ని వేళ్ళు పడుతున్నాయో మనవడిని చూడమనండి. దీపావళికి ఒకసారి, ఉగాదికి ఒకసారి కొలిస్తే తేడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఎముక గుల్లబారుతుంది, బయటికి తెలియదు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలా గుల్లబారిన 59 మంది స్త్రీలను గమనించారు. నడుము వెనక్కి వంచే వ్యాయామం చేసినవాళ్ళలో 16 శాతం మందికే వెన్నుపూసలు కొత్తగా నొక్కుకుపోయాయి. ముందుకు వంగే వ్యాయామం చేసినవాళ్ళలో 89 శాతం మందికి. రెండో గుంపులో ఉన్నది 9 మందే కాబట్టి ఆ శాతాన్ని అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. కాని నాకైతే అది చాలు. ఎత్తు తగ్గుతున్న అవ్వను, మణికట్టు విరిగి అతికిన పెద్దమ్మను, ముందుకు వంగి పాదాలు పట్టుకోమని యోగా శిబిరంలో ఎవరూ చెప్పకూడదు. జూన్ 21, యోగా దినోత్సవం వచ్చిందంటే అన్ని ఊళ్ళలో చాపలు పరుస్తారు. ఆ చాప మీద పదహారేళ్ళ పిల్లకూ అరవై ఆరేళ్ళ అవ్వకూ ఒకే ఆసనం చెప్పడం తప్పు.

రెండో జాగ్రత్త దీనికి తలకిందులు. కొంచెం దూరం నడవగానే రెండు కాళ్ళూ బరువెక్కి తిమ్మిరిపట్టి, ఎక్కడో వంగి కూర్చుంటేనే తగ్గే పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళకు వెన్నులో నరాల దారి ఇరుకైంది. వాళ్ళు వెనక్కి వంగితే తిమ్మిరి పెరుగుతుంది. ఇందాక చెప్పిన వెనక్కి ఒరిగే పని వాళ్ళకు కాదు. మోకాళ్ళు అటూ ఇటూ వాల్చడం వాళ్ళకు సరిపోతుంది.

సాగదీతతో పోని బిగుసుళ్ళూ ఉన్నాయి. మన దేశంలో మొదటిసారి 1937లో నెల్లూరు జిల్లాలో వైద్యులు రాసిపెట్టిన ఫ్లోరోసిస్ ముదిరితే వెన్ను మొత్తం ఎముకగా అతుక్కుపోతుంది. నల్లగొండవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అక్కడ మార్చవలసింది తాగే నీళ్ళను. గడ్చిరోలిలో గోండు, మాడియా కుటుంబాల్లో, మరికొన్ని కులాల్లో సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బు ఉంది. ఆ జబ్బున్న పిల్లకు ఉన్నట్టుండి నడుము, వీపు నొప్పి లేస్తే అది పట్టు కాదు, నెత్తుటి నొప్పి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. జ్వరం, చిక్కిపోవడం, రాత్రిపూట పెరిగే నొప్పి ఉంటే వెన్నులో క్షయ ఉందేమో చూడాలి. మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, కాలు బలం తగ్గినా, కూర్చునే చోట స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగకండి.

గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ 1986లో మొదలుపెట్టిన ‘సెర్చ్’ సంస్థను పసిపిల్లల మరణాలు తగ్గించినందుకు లోకమంతా ఎరుగును. అదే సంస్థ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి నడుము నొప్పిని లెక్కలోకి ఎక్కించింది. ముంబయి నుంచి వెన్నెముక సర్జన్లు ఆ సంస్థ ఉండే శోధగ్రామ్‌కు వచ్చి చూస్తారు. పల్లె నడుము నొప్పిని ఒక రోగంగా ఎంచి లెక్కగట్టినవాళ్ళు తక్కువ. పనిచేసేవాడికి నొప్పి రాదా అని ఊరుకున్నవాళ్ళే ఎక్కువ. సిరొంచ నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, ఆ రోడ్డు మీద బస్సులో కూర్చుంటే లేని నొప్పి కూడా వస్తుంది. అందుకే ముందు ఊళ్ళో చేసుకోగలిగింది చేసుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. 2023 డిసెంబరులో ఆ సంస్థ సలహాలు ప్రకటించింది. వ్యాయామం, తన నొప్పి గురించి మనిషికి అర్థమయ్యేలా చెప్పడం, ఇవి చేయమంది. నడుము బెల్టులు వద్దంది, బరువులు కట్టి లాగడం వద్దంది. మన అంగళ్ళలో ఎక్కువ అమ్ముడయ్యేది ఆ బెల్టే. పొద్దున నొప్పి గోలీ మింగి చేనుకు పోవడం, సాయంత్రం సూది వేయించుకుని పడుకోవడం ఏళ్ళ తరబడి సాగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బెల్టు కొనే డబ్బుతో ఒక మంచి చాప వస్తుంది.

ఎన్నాళ్ళకు గుణం కనబడుతుంది అని అడుగుతారు. రోజూ పది నిమిషాలు చేస్తే మెడ, రొమ్ము తిరుగుడు కొన్ని వారాల్లోనే తెలుస్తుంది. నడుము వెనక్కి పోవడానికి రెండు మూడు నెలలు. గూని పూర్తిగా పోతుందని నేను చెప్పను, పూస నొక్కుకుపోయిన చోట పోదు. మధ్యలో జాతరో, పెళ్ళో, కోతలో వచ్చి పది రోజులు మానేస్తే, వదిలిన చోటి నుంచి కాకుండా సగం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. నాట్ల కాలంలో రాత్రి పని చేయలేకపోతే మానండి, గట్టు మీద చేసే ఆ అయిదు మాత్రం మానకండి.